తాతగారి చీటీలోని ఒక సరుకు ఇవ్వనన్న పాత ఆయుర్వేద కొట్టు: ఇది న్యాయమేనా?

గోదావరి గట్టు

రాజమహేంద్రవరంలో మా వీధి మొదట్లో ఒక ఆయుర్వేద మందుల కొట్టు ఉంది. మా అమ్మ కాపురానికి వచ్చేనాటికే అది పాత కొట్టని చెబుతారు. గోడ పొడవునా చెక్క సొరుగులు, వాటి మీద సిరాతో రాసిన పేర్లు, బల్ల మీద ఇత్తడి త్రాసు, లోపలి గదిలో నల్లరాతి కల్వం, అన్నీ నేను చిన్నప్పుడు చూసినట్టే ఉన్నాయి. అక్కడి పెద్దాయన అంటే మా ఇంట్లో అందరికీ గౌరవం. అయినా పోయిన గురువారం జరిగిన సంగతి నన్ను బాధపెట్టింది.

మా తాతగారు (అమ్మ తండ్రి) ఊళ్ళో నాటువైద్యం చేసేవారు. ఆయన నోటు పుస్తకంలో మోకాళ్ళ నొప్పులకు ఒక తైలం రాసి ఉంది. అమ్మకు ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగడం కష్టమైంది కనుక, ఆ తైలం ఇంట్లో కాచుదామని జాబితా రాసుకుని కొట్టుకు వెళ్ళాను. నువ్వుల నూనె, ఎండు వావిలాకు, దుంపరాష్ట్రం, దేవదారు, శొంఠి, సైంధవ లవణం పెద్దాయన వరుసగా తూచి పొట్లాలు కట్టారు. చివర ఉన్న "వస నాభి తు. 1" అన్న దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఇది నేనివ్వను బాబూ. ఎవరైనా వైద్యుడి చేత చీటీ రాయించుకు రా, లేదా ఆ పుస్తకమే పట్టుకు రా" అన్నారు. తైలం పైపూతకే కదా అని ఎంత చెప్పినా వినలేదు. నలుగురి ముందు ఏదో తప్పుడు పని చేయబోయినవాడిలా నిలబడవలసి వచ్చింది.

అడిగిన సరుకు ఇవ్వకుండా ఉండే హక్కు ఆయనకు ఉందా? చట్టంలో అలా ఉందా? ఆన్‌లైన్‌లో ఆ దుంప దొరుకుతున్నట్టే కనిపిస్తోంది. తెప్పించుకోమంటారా?

తూర్పు వీధి

డబ్బిచ్చి కొనే మనిషిని వెనక్కి పంపడం నాకు నచ్చలేదు. మీరు కొత్తగా వచ్చినవారు కాదు, తరాలుగా ఆ కొట్టుకు వెళుతున్న కుటుంబం. పైగా అది మీ తాతగారు రాసిన యోగం (మందు కూర్పు). కొట్టు యజమాని పని సరుకు తూచి ఇవ్వడం వరకే. వైద్యం మంచిచెడ్డలు ఆయన తేల్చవలసినవి కావు.

కొట్టువారి అబ్బాయి

గోదావరి గట్టు గారూ, ఆన్‌లైన్‌లో మాత్రం తెప్పించుకోకండి. తెనాలిలో మా తాతగారు, మా నాన్నగారు నడిపిన కొట్టును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను కనుక, బల్లకు ఇవతలి వైపు నుంచి చెబుతున్నాను.

మీ జాబితాలోని చివరి మాట ఒకటి కాకపోవచ్చు. వస వేరు, వసనాభి వేరు. వస అంటే పసిపిల్లలకు మాటలు రావాలని పూర్వం నాలుకకు రాసేవారే, నీటి పట్టున పెరిగే ఆ సువాసన దుంప. వసనాభి హిమాలయ ప్రాంతాల నుంచి వచ్చే విషపు దుంప. మేము నాభి అని కూడా అంటాము. పేర్లలో పోలిక ఉన్నా గుణాలలో ఏ పోలికా లేదు. మీ చీటీలో "వస నాభి" అని మధ్యలో ఖాళీ ఉంచి, చివర ఒక తులం అని రాశారు. అది ఒక తులం వసా, ఒక తులం నాభా, లేక రెండు వేరు సరుకులను ఒకే వరుసలో రాశారా అన్నది ఆ పెద్దాయనకు ఎలా తెలుస్తుంది? నేనైనా తూచి ఇవ్వను.

మా కొట్టులో నాభి, నల్ల జీడిగింజలు, విషముష్టి, నేపాళం, గురిగింజలు వంటి విషపు సరుకులు ఒక తాళం ఉన్న పెట్టెలో ఉంటాయి. నాకు పదహారేళ్ళు వచ్చేవరకు నాన్నగారు ఆ తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు. తెలిసిన వైద్యులు అడిగితే తప్ప అందులోవి బయటికి తీయము. వాటిని కొన్న వైద్యుడి పేరు, తూకం, తేదీ రాసి పెట్టుకునే చిన్న పుస్తకం తాతగారి నాటి నుంచీ ఉంది.

పసరు మందు

వసకూ వసనాభికీ తేడా ఉందని ఈ రోజే తెలిసింది. మా ఇంట్లో రెండు పేర్లూ ఒకటే అనుకున్నాము.

మూడో సంవత్సరం విద్యార్థిని

నేను విజయవాడలో ఆయుర్వేదం చదువుతున్నాను. చట్టం సంగతి అడిగారు కనుక నాకు తెలిసినది రాస్తాను.

ఆయుర్వేద మందులు కూడా 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికే వస్తాయి. తయారు చేసి అమ్మాలంటే లైసెన్సు తప్పనిసరి. తన రోగుల కోసం స్వయంగా మందు కలిపి ఇచ్చుకునే వైద్యుడికి మాత్రం మినహాయింపు ఉంది. కానీ తయారైన మందులను కొట్టులో పెట్టి అమ్మడానికి, అల్లోపతి మందుల షాపుకు ఉన్నట్టుగా, అమ్మకపు లైసెన్సు గానీ ఫార్మసిస్టు ఉండాలన్న నియమం గానీ లేదు. అంటే ఆ పెద్దాయన మిమ్మల్ని వెనక్కి పంపింది ఏ అధికారికో భయపడి కాకపోవచ్చు, తన సొంత జాగ్రత్తతోనే అనుకుంటాను.

అదే చట్టం కింద ఉన్న నియమాలలో ఇ(1) అనే షెడ్యూలు ఒకటి ఉంది. అందులో విషద్రవ్యాల జాబితా ఇచ్చారు. వత్సనాభి (మన వసనాభి), జీడిగింజ, విషముష్టి, ఉమ్మెత్త, నేపాళం, గురిగింజ, నల్లమందు, ఇవి కాక పాదరసం, హరితాళం, మణిశిల వంటి ఖనిజాలు అందులో ఉన్నాయి. ఇవి కలిసిన మందును లోపలికి వాడేదైతే, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను సీసా మీద ఇంగ్లీషులోనూ హిందీలోనూ ముద్రించాలి. ఆనందభైరవి, మృత్యుంజయ రసం, త్రిభువనకీర్తి రసం వంటి ప్రసిద్ధ మందులలో వత్సనాభి ఉంటుంది. అయితే ఏ వైద్యుడూ పచ్చి దుంపను నేరుగా వాడడు. దానిని ముక్కలు చేసి గోమూత్రంలో నానబెట్టి రోజుల తరబడి ఎండలో ఉంచి, ఆవుపాలలో ఉడికించి, అప్పుడు వాడతారు. శుద్ధి అంటే ఇదే. ఆ తరువాత కూడా దాని మోతాదు మిల్లీగ్రాములలోనే ఉంటుంది.

వార్డు నర్సు

నేను ఇరవై రెండేళ్ళుగా అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. పైన విద్యార్థిని గారు మిల్లీగ్రాములు అన్నారు కదా, ఆ మాటను దయచేసి అందరూ మళ్ళీ ఒకసారి చదవండి. నాభిలో ఉండే అకోనిటిన్ అనే పదార్థం కొన్ని మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళితే చాలు, ప్రాణం పోవచ్చు. ముందు పెదవులు, నాలుక, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ తరువాత వాంతులు వస్తాయి, గుండె లయ తప్పుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. గుండెను కనిపెట్టుకుని ఉంటూ గండం గడిపించడమే చికిత్స.

పైపూతే కదా అన్నారు. ఈ విషం చర్మం గుండా కూడా లోపలికి వెళుతుంది. గీతలు, పుండ్లు ఉన్న చోట మరీ త్వరగా వెళుతుంది. మోకాలికి రాసిన చేత్తోనే అన్నం కలుపుకునే వయసు మీ అమ్మగారిది. ఇంట్లో పిల్లలు ఉంటే ఆ సీసా వారికి అందదన్న నమ్మకం ఏమిటి? ఎవరికైనా అలా జరిగితే ఇంట్లో పసర్లు పోస్తూ కాలయాపన చేయకుండా, మిగిలిన పొట్లం చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి. ఏం తిన్నారో తెలిస్తే మాకు సగం సమయం కలిసివస్తుంది.

తూర్పు వీధి

వసనాభి విషయంలో నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అది ఇంత ప్రమాదకరమని నాకు తెలియదు. అయితే అసలు అభ్యంతరం మిగిలే ఉంది. ఒక చోట ఇంత జాగ్రత్త పడే ఈ కొట్లే, ఇంకో చోట ఏ చదువూ లేకుండా వైద్యం చేస్తున్నాయి. నా కళ్ళతో చూశాను. వచ్చినవారు "కడుపు ఉబ్బరం" అంటే ఒక పొట్లం, "మధుమేహం" అంటే ఇంకో పొట్లం ఇస్తారు. పొట్లం మీద పేరు ఉండదు, తేదీ ఉండదు, అందులో ఏముందో రాయరు. అమ్మడానికి లైసెన్సే అక్కరలేదని విద్యార్థిని గారు చెబుతున్నారు. అప్పుడు మంచి కొట్టుకూ చెడ్డ కొట్టుకూ తేడా యజమాని మనస్సాక్షి ఒక్కటేనా? దాని మీద ఆధారపడి ఎంతమంది మందు మింగాలి?

పెన్నా తీరం

తూర్పు వీధి గారి ఆవేదనకు మా ఇల్లే సాక్ష్యం.

అయిదేళ్ళ కిందట మా అత్తగారికి కీళ్ళవాతం ఎక్కువైంది. ఎవరో చెప్పారని ఒక పట్టణంలోని మూలికల కొట్టు నుంచి గోధుమరంగు పొడి తెప్పించుకున్నారు. మూడోనాటికే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టారు. మేమంతా ఆశ్చర్యపోయి ఆ కొట్టుకు దణ్ణం పెట్టుకున్నాము. నాలుగు నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, చర్మం కాగితంలా పలచబడింది, ఎన్నడూ లేని మధుమేహం బయటపడింది. డాక్టరుగారు చూడగానే, "ఏదైనా పొడి వాడుతున్నారా?" అని అడిగారు. ఆయన చెప్పిందాని ప్రకారం ఆ లక్షణాలన్నీ స్టెరాయిడ్ వల్ల వచ్చేవే. ఒక్కసారిగా మానేస్తే అది ఇంకో ప్రమాదమని, నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ మాన్పించవలసి వచ్చింది. మేము వెళ్ళి అడిగితే ఆ కొట్టు మనిషి, అందులో ఉన్నవన్నీ మూలికలేనని, పేర్లు వంశ రహస్యమని అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం పెట్టుకున్నాము. కరక్కాయ కరక్కాయగా, పిప్పళ్ళు పిప్పళ్ళుగా, కంటికి కనిపించేలా కొంటాము. పేరు చెప్పని పొడి గుమ్మం దాటి లోపలికి రాదు.

కొట్టువారి అబ్బాయి

పెన్నా తీరం గారూ, మీ అత్తగారు కోలుకున్నారని ఆశిస్తున్నాను. అటువంటి కొట్ల వల్ల మాకు కూడా తలవంపులే. చట్టం సంగతి అటుంచండి, ఈ వృత్తిలో పెరిగినవాడిగా చెబుతున్నాను. మూడు రోజులలో కీళ్ళవాతాన్ని మాయం చేసే మూలిక మా సొరుగులలో ఒక్కటీ లేదు. అలా పనిచేసిందంటే అందులో మూలిక కానిదేదో ఉందని అనుమానించాలి.

తూర్పు వీధి గారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. పొట్లం మీద ఏమీ రాయకపోవడం మా తాతల నాటి అలవాటు. అప్పట్లో కొనేవారికి సరుకు చూడగానే పేరు తెలిసేది. ఇప్పుడు అతిమధురానికీ అక్కలకర్రకూ తేడా తెలిసినవారు పదిమందిలో ఒక్కరు ఉండరు. మూడేళ్ళుగా నేను ప్రతి పొట్లం మీద సరుకు పేరు, మేము కొన్న నెల రాస్తున్నాను. కలిపిన పొడులు అమ్మడం పూర్తిగా మానేశాను. త్రిఫల చూర్ణం కావాలంటే లైసెన్సు ఉన్న తయారీదారు డబ్బా ఇస్తాను. లేదా కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చులు విడివిడిగా తూచి ఇచ్చి, ఇంట్లో దంచుకోమంటాను.

పసరు మందు

డబ్బాలో వచ్చే చూర్ణం కంటే దంచుకున్నదే మంచిదని మా అమ్మమ్మ అనేది. అది నమ్మకమేనా, దానికి ఆధారం ఏమైనా ఉందా?

మూడో సంవత్సరం విద్యార్థిని

ఆధారం ఉంది. శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఏ మందు ఎంతకాలం సత్తువతో ఉంటుందో చెప్పారు. చూర్ణం రెండు నెలలు దాటితే దాని సత్తువ తగ్గుతుంది. మాత్రలు, లేహ్యాలు ఏడాది వరకు నిలుస్తాయి. ఆసవాలు (పులియబెట్టిన ద్రవ మందులు), భస్మాలు, రసౌషధాలు (పాదరసం కలిసిన మందులు) పాతబడిన కొద్దీ గుణం పెంచుకుంటాయి. నేటి నియమాలు గాలి చొరని డబ్బాలను దృష్టిలో పెట్టుకుని చూర్ణానికి 2 ఏళ్ళు, లేహ్యానికి 3 ఏళ్ళు, ఆసవ అరిష్టాలకు 10 ఏళ్ళు గడువు ఇచ్చాయి. రెండు లెక్కలకూ అంతరం ఉన్నా వరుస మాత్రం ఒకటే. పొడి త్వరగా చెడుతుంది, పులియబెట్టిన ద్రవం నిలుస్తుంది. ద్రాక్షారిష్టంలో, దశమూలారిష్టంలో పులియడం వల్ల దానంతట అదే పుట్టిన ఆల్కహాలు ఉంటుంది. అదే దానిని కాపాడుతుంది. అందుకే మద్యం మానినవారికి, గర్భిణులకు, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇచ్చే ముందు ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే.

కొట్టువారి అబ్బాయి

విద్యార్థిని గారి మాటకు నా వైపు నుంచి కొంత కలుపుతాను. సరుకు నిలవ చేయడమే ఈ వ్యాపారంలో సగం పని. శొంఠికి, పిప్పళ్ళకు పురుగు త్వరగా పడుతుంది. అందుకే వానలు మొదలయ్యే ముందు ప్రతి సొరుగూ ఖాళీ చేసి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, మళ్ళీ నింపుతాము. కరక్కాయ కొనేటప్పుడు గుప్పెడు తీసి నీళ్ళలో వేస్తాము. నిండుగా బరువుగా ఉన్నది మునుగుతుంది, తొలిచినది తేలుతుంది. మిరియాలకు కూడా ఇదే పరీక్ష, ఎందుకంటే అందులో కలిపే బొప్పాయి గింజలు తేలుతాయి.

మామూలుగా అన్ని మూలికలూ కొత్తవే వాడాలి. కానీ పిప్పళ్ళు, వాయువిడంగాలు, బెల్లం, తేనె, నెయ్యి వంటివి పాతవి మేలని పూర్వులు చెప్పారు. అందుకని మా తాతగారు పిప్పళ్ళకు రెండు జాడీలు పెట్టేవారు. ఒక జాడీ ఈ ఏటిది, ఇంకోటి నిరుటిది. వంటకు అడిగిన వారికి కొత్తది, మందుకు అడిగిన వారికి పాతది ఇచ్చేవారు. ఏ మందుకు అని అడగనిదే పొట్లం కట్టరు. తూర్పు వీధి గారు వైద్యం చేయడం అన్నారే, అందులో కొంత నిజంగా వైద్యమే అయి ఉండవచ్చు, కానీ కొంత మాత్రం ఈ అడగడమే.

కల్తీ గురించి ఒక్క సంగతి చెప్పాలి. అశోక పట్ట (బెరడు) అడిగితే నరమామిడి పట్ట ఇచ్చేవారు ఉన్నారు. వీధుల వెంట నిటారుగా పెరిగే నరమామిడిని జనం అశోక చెట్టు అనుకోవడమే దీనికి మూలం. అసలు అశోక వేరే జాతి. ఆ తేడాను వాసన, విరుపు, లోపలి రంగు చూసి పట్టుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మన్యం తేనె

పాడేరు వైపు మా చిన్నాన్నగారి కుటుంబం అడవి సరుకు ఏరి అమ్ముతుంది. కరక్కాయలు, ఉసిరి, చిల్లగింజలు, ముష్టిగింజలు, కుంకుళ్ళు, తేనె ఎక్కువగా గిరిజన సహకార సంస్థకు వేస్తారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన సంస్థ అది. అది రాకముందు సంతకు వచ్చే షావుకారు ఉప్పు, పొగాకు ఇచ్చి కరక్కాయల బుట్టలు ఎత్తుకుపోయేవాడని మా ముసలివారు చెప్పేవారు.

పట్నంలో కొట్టు బాగుందా లేదా అని మీరు చర్చిస్తున్నారు. ఏరేవాడి చేతి దగ్గరే సరుకు మంచిచెడ్డలు సగం తేలిపోతాయి. కాయ పండకముందే దులిపితే బరువు ఉండదు. పట్ట కోసం చెట్టు చుట్టూ చెక్కేస్తే చెట్టే చచ్చిపోతుంది. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగే కొట్టు పెద్దాయనలు ఉన్నంతకాలం, మా వాళ్ళు పండిన కాయకు వేరే ధర అడగగలుగుతారు.

వార్డు నర్సు

అసలు ప్రశ్న నుంచి కొంచెం పక్కకు జరుగుతున్నానని తెలుసు, కానీ వస మాట వచ్చింది కనుక వదలలేను. పసిపిల్లలకు వస, జాజికాయ, మాచికాయ అరగదీసి నాకించడం ఇంకా జరుగుతూనే ఉంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా అక్కరలేదు. ఆ సాన మీది మురికి, ఎక్కువైన జాజికాయ మత్తు, పసివాడు భరించలేడు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుచేద్దాము. వస నాలుకకు రాయకపోయినా ఆ పిల్లకు మాటలు వస్తాయి. కొట్లవారు కూడా ఈ మాట చెప్పి పంపితే మా వార్డుకు వచ్చే పసివాళ్ళు తగ్గుతారు.

కొట్టువారి అబ్బాయి

నర్సు గారూ, ఒప్పుకుంటున్నాను. పురిటి సామాను అని అడిగితే వసతో సహా కట్టి ఇవ్వడం మాకు వాడుక. రేపటి నుంచి వస పొట్లం అందులో నుంచి తీసేస్తాను. అడిగితే కారణం చెబుతాను.

పాత చేవ్రాలు

గోదావరి గట్టు గారిని ఒక సంగతి అడగాలి. మీరు కొట్టుకు పట్టుకెళ్ళినది మీరు రాసుకున్న జాబితా. పెద్దాయన అడిగింది పుస్తకం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. పాత వైద్యుల పుస్తకాలు చదివిన అనుభవంతో చెబుతున్నాను, వారు విషద్రవ్యానికీ మామూలు ద్రవ్యానికీ ఒకే కొలమానం వాడరు. పుస్తకంలో వేరే యోగాలలో వస ఒంటరిగా ఎక్కడైనా వచ్చిందా, నాభి ఒంటరిగా వచ్చిందా, వచ్చిన చోట ఎంత తూకం రాశారు, చూసి చెప్పండి. ఆ వరుసకు కింద ఏదైనా చెరిగిపోయి ఉందేమో కూడా పగటి వెలుతురులో చూడండి.

లెక్కల మాస్టారు

తూకాల మాట వచ్చింది కనుక ముందే చెప్పి ఉంచుతాను. తులం అంటే బంగారం కొట్లలో ఇప్పుడు 10 గ్రాములు అనుకుంటున్నారు. పాత తులం 11.66 గ్రాములు. అందులో 96వ వంతు గురిగింజ ఎత్తు, అంటే సుమారు 0.12 గ్రాము. పలం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మన బజారు పలం మూడు తులాలు, అంటే 35 గ్రాములు. నేటి ఆయుర్వేద యోగ సంగ్రహాలలో పలానికి 48 గ్రాముల లెక్క. ఒకే మాట రెండు చోట్ల రెండు తూకాలుగా నడుస్తోంది. తాతగారి పుస్తకంలోని పలం ఏదో తెలియకుండా గ్రాములలోకి మార్చకండి.

గోదావరి గట్టు

పాత చేవ్రాలు గారు చెప్పినట్టు పుస్తకమంతా తిరగేశాను. పదకొండో పుటలో దగ్గుకు రాసిన కషాయంలో "వస తు. 2" అని ఉంది. ఇరవై ఆరో పుటలో "శుద్ధి నాభి గు. 4" అని ఉంది. అంటే తాతగారు వసను తులాలలో, నాభిని గురిగింజలలో రాశారు. మా తైలం పుటను కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే, "వస" తరువాత కొంచెం ఖాళీ ఉంది. "నాభి" మాట కొద్దిగా కిందికి దిగి ఉంది. దాని పక్కన ఏదో అంకె ఉన్న చోట నూనె మరక పడింది. "తు. 1" అన్నది పై వరుసది. నేను రెండు వరుసలను కలిపి ఒకటిగా రాసుకున్నాను.

ఇది చదివాక నాకు చేతులు వణికాయి. పచ్చి నాభి పన్నెండు గ్రాములు తెచ్చి నూనెలో కాచేవాడిని, అమ్మ దానిని పూటపూటా మోకాలికి రుద్దుకునేది.

తూర్పు వీధి

మీరు ఆ పుస్తకం తీసుకుని కొట్టుకు వెళ్ళండి. నేనైతే ముందు ఆయనకు క్షమాపణ చెప్పుకుంటాను. నా ఆరోపణలు కొట్లన్నింటి మీదా అలాగే ఉన్నాయి, ఆ పెద్దాయన మీద మాత్రం లేవు.

పెన్నా తీరం

అంతకంటే ముందు అమ్మగారిని ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. అరుగుదలా, వాపా తెలియకుండా ఏ నూనె రాసినా చీకట్లో వెతుకులాటే. మేము ఆలస్యంగా నేర్చుకున్నది మీరు ముందే చేయండి.

వరంగల్లు వాసి

మా ఊళ్ళో ఇలాంటి కొట్టు రెండేళ్ళ కిందట మూతపడింది. పెద్దాయన పోయారు, పిల్లలు వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. సొరుగుల బల్లను పాత సామాను కొనేవారు తీసుకుపోయారు. ఇప్పుడు ఆ గదిలో ఫోన్లు అమ్ముతున్నారు. పిల్లిపీచర, తుంగముస్తలు, కచ్చూరాలు కావాలంటే హైదరాబాదు బేగంబజారు దాకా పోవాలి. అక్కడ అడిగింది తూచి ఇస్తారు. ఎందుకని అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. గోదావరి గట్టు గారికి జరిగింది మా ఊళ్ళో జరిగి ఉంటే, ఆయన నాభితోనే ఇంటికి వెళ్ళేవారు.

మూడో సంవత్సరం విద్యార్థిని

ఇంట్లో పాత పుస్తకాలు ఉన్నవారికి ఒక మనవి. తెలుగు వైద్యుల రాతలకు విలువ లేదని ఎవరూ అనుకోకండి. నేను పైన చెప్పిన ఔషధాల చట్టం మొదటి షెడ్యూలులో చరకం, సుశ్రుతం సరసన మన బసవరాజీయం కూడా ప్రామాణిక గ్రంథంగా ఉంది. కానీ ముద్రిత గ్రంథంలో శుద్ధి విధానం, మోతాదు చెప్పి ఉంటాయి. సొంత పుస్తకంలో వైద్యుడు తనకు గుర్తుకు రావడానికి రాసుకుంటాడు, తనకు తెలిసినది రాయడు. మీ తాతగారు కూడా తైలం పుటలో "శుద్ధి" అన్న మాట రాయకపోయి ఉండవచ్చు, ఎందుకంటే ఆయనకు అది చెప్పవలసిన సంగతి కాదు.

గోదావరి గట్టు

ఈ ఉదయం అమ్మను డాక్టరుకు చూపించి, అటు నుంచి కొట్టుకు వెళ్ళాను. కీలు అరుగుదల మొదలైందని, బరువు తగ్గాలని, తొడ కండరాలకు రోజూ వ్యాయామం చేయాలని డాక్టరుగారు చెప్పారు. నూనె రాసుకుంటే తనకు అభ్యంతరం లేదని, అందులో ఏముందో మాత్రం తెలిసి ఉండాలని అన్నారు.

కొట్టులో పెద్దాయన నా క్షమాపణ పూర్తిగా విననేలేదు. పుస్తకం అందుకుని, భూతద్దం పెట్టి తైలం పుట చూసి, "మీ తాత చేతిరాత ముత్యాల కోవ. ఈ మరక ఆయన చేతిదే, కాచేటప్పుడు పక్కన పెట్టుకుని ఉంటాడు" అన్నారు. నాభి లేకుండానే కాచుకోమని చెప్పి, వస ఒక తులం తూచారు. త్రాసులో పాత తులం రాయి వేసి, పొట్లం మీద "వస, పైపూతకు, 11.66 గ్రా." అని, తేదీతో సహా రాసి ఇచ్చారు. కాచడం చేతకాకపోతే లేబులు ఉన్న మహానారాయణ తైలం సీసా తీసుకోమన్నారు, కానీ అమ్మ తన తండ్రి తైలమే కావాలంది.

పుస్తకంలో ఇంకా నలభైకి పైగా యోగాలు ఉన్నాయి. వాటిని శుభ్రంగా ఎత్తి రాయించాలని ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు మూసి ఉంటుంది కనుక, అప్పుడు వస్తే తానూ కూర్చుంటానని పెద్దాయన అన్నారు. పాత చేవ్రాలు గారూ, లెక్కల మాస్టారు గారూ, మీ సాయం కూడా కావాలి.

పాత చేవ్రాలు

తప్పకుండా చేస్తాను. పుటలను పగటి వెలుతురులో, మరకలు కూడా పడేలా ఫోటోలు తీయండి. చదవలేని మాటను ఊహించి నింపకుండా, ఖాళీని ఖాళీగానే ఎత్తి రాద్దాము.

లెక్కల మాస్టారు

పలం వచ్చిన పుటలు ముందుగా పంపండి. తాతగారు శొంఠిని ఒకే యోగంలో పలాలలోనూ తులాలలోనూ రాసిన చోటు ఒక్కటి దొరికినా, ఆయనది ఏ పలమో తేల్చవచ్చు.